మారుతి 800కి హెడ్ గ్యాస్కెట్ కొంటున్నారా? ముందు ఇంజన్ నంబరు చూడండి | విజయవాడ ఆటోనగర్

నమస్తే అండి. ఈ టేబుల్ మీద మూడు కొత్త హెడ్ గ్యాస్కెట్లు పెట్టాను. ఇంజన్ బ్లాకుకీ దాని పైన కూర్చునే హెడ్‌కీ మధ్య పెట్టే ప్యాకింగే ఇది. మూడూ మారుతి 800కి సరిపోతాయని చెప్పి ఇచ్చినవే, మూడూ మన ఆటోనగర్‌లో కొన్నవే. ఒకటి కంపెనీ జెన్యూన్ పార్టు. రెండోది గ్యాస్కెట్లు తయారుచేసే పేరున్న కంపెనీది. టాల్‌బ్రోస్, బ్యాంకో లాంటివి ఉన్నాయి కదా, ఆ కోవలోది. మూడోదానికి పేరూ లేదు, నంబరూ లేదు, పల్చటి కవర్లో పెట్టి ఇచ్చారు. ఈ నల్లగా మాడిపోయినది మాత్రం బండిలోంచి విప్పిన పాతది. నా దృష్టిలో ఈ నాలుగింట్లో ఎక్కువ విలువైనది అదే. ఎందుకో చెప్తాను.

బండి మా బాబాయ్ గారిది, 1998 మోడల్, పటమటలో ఉంటుంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే చాలు, టెంపరేచర్ ముల్లు పైకి పోయేది. రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయి, కింద చూస్తే ఒక్క చుక్క కారడం లేదు. పొద్దున స్టార్ట్ చేసి ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగడం లేదు. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. అంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి. మేస్త్రి గారు చూసి, హెడ్ ప్యాకింగ్ పోయింది, తెచ్చుకోండి అన్నారు.

షాపుకెళ్లి "800కి హెడ్ ప్యాకింగ్ ఇవ్వండి" అంటే మంచి షాపతను వెంటనే ఇవ్వడు. "కార్బురేటరా అండి, ఎంపీఎఫ్ఐనా? నాలుగు గేర్లా, అయిదా?" అని అడుగుతాడు. కార్బురేటర్, ఎంపీఎఫ్ఐ అంటే ఇంజన్‌కి పెట్రోలు అందించే రెండు పద్ధతులు. అలా అడిగాడంటే ఆ షాపులో ధైర్యంగా కొనొచ్చు. ఏమీ అడగకుండా మేకుకి తగిలించినది తీసి చేతిలో పెడితే మాత్రం ఆలోచించుకోండి.

800 అనేది 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014లో ఆగిపోయిన బండి. అన్నేళ్లలో లోపల ఇంజన్ ఒకేలా లేదు. ఎక్కువ బళ్లలో ఉన్నది ఎఫ్8బీ, ఆరు వాల్వులది. 2000 ప్రాంతంలో వచ్చిన అయిదు గేర్ల 800లో మాత్రం ఆల్టోకి వాడిన ఎఫ్8డీ పెట్టారు, పన్నెండు వాల్వులది. రెండూ 796 సిసినే, రెండింటికీ మూడు సిలిండర్లే, బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, కూడా 68.5 మిల్లీమీటర్లే. అందుకే దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కానీ హెడ్ వేరు, కాబట్టి గ్యాస్కెట్ కూడా వేరుగా అడిగి తీసుకోవాలి. చాలా బళ్ల ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఎఫ్8బీ అనో ఎఫ్8డీ అనో మొదలవుతుంది. అయితే ఇంత పాత బళ్లలో మధ్యలో ఎవరో ఇంజనే మార్చేసి ఉండొచ్చు. కాబట్టి బ్లాకు మీద కొట్టిన నంబరు తుడిచి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. షాపులో ఆ ఫొటో చూపించండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఓమ్ని వ్యానుకీ ఎఫ్8బీనే వచ్చింది కాబట్టి కొన్ని ప్యాకెట్ల మీద రెండు పేర్లూ కలిపి కనిపిస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

జెన్యూన్ ప్యాకెట్ మీద నంబరు చూడండి. 11141తో మొదలైంది. సుజుకి లెక్కలో హెడ్ గ్యాస్కెట్‌కి ఆ అయిదంకెలే వస్తాయి. ఏ ఇంజన్‌కి అనేది ఆ తర్వాత వచ్చే అంకెలు చెప్తాయి. అసలు చూడాల్సింది వాటినే.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను. పాతదాంట్లో రెండో సిలిండర్‌కీ మూడోదానికీ మధ్య సన్నటి భాగం ఉంది చూశారా? ఇక్కడ ఇనప రింగు నొక్కుకుపోయి, పక్కన పొర కాలిపోయి నల్లటి దారి ఏర్పడింది. కంప్రెషన్ ఆ దారిన ఒక సిలిండర్ నుంచి ఇంకోదాంట్లోకి వెళ్లిపోతోంది. గ్యాస్కెట్ పోయేది ఎక్కువగా ఇక్కడే.

దీని మీద జెన్యూన్‌ది పెడుతున్నాను. బోల్టు రంధ్రాలు, నీళ్ల రంధ్రాలు, ఆయిల్ దారి, అన్నీ కలిశాయి. రెండో కంపెనీది కూడా అంతే, తేడా ఏమీ లేదు, రింగు అంచు కూడా శుభ్రంగా ఉంది. ఇప్పుడు పేరు లేనిది. బోల్టులు కలిశాయి. కానీ ఈ చివర నీళ్ల రంధ్రం పాతదానికంటే పెద్దగా ఉంది, ఆ పక్కది సగం మూసుకుపోయింది. రింగు మడిచిన చోట వేలు పెడితే గరుకుగా తగులుతోంది.

పెద్ద రంధ్రమైతే నీళ్లు ఇంకా బాగా పారతాయి కదా అనుకోవద్దండి. బ్లాకులో దారి పెద్దగా ఉన్నా గ్యాస్కెట్‌లో రంధ్రం కావాలనే చిన్నగా చేస్తారు. నీళ్లు దగ్గరి దారిన పోకుండా చివరి సిలిండర్ దాకా వెళ్లాలంటే ఆ అడ్డు ఉండాలి. అందుకే కొత్తదాన్ని బ్లాకుతో కాకుండా పాత గ్యాస్కెట్‌తో పోల్చమంటాను. రంధ్రం చిన్నగా ఉందని ఎవరైనా పంచ్ తీసుకుని కొట్టబోతే ఆపండి. పాతది పారేయొద్దని మేస్త్రికి ముందే చెప్పి పెట్టుకోండి.

ఇంజన్ బోరింగ్ చేసి, అంటే సిలిండర్లు లోపల కోసి వెడల్పు చేసి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి ఉంటే అది కూడా షాపులో చెప్పాలి. గ్యాస్కెట్ రింగు సిలిండర్ లోపలికి తొంగిచూస్తే అక్కడే ఎర్రగా కాలుతుంది. తెచ్చాక ఒకసారి బ్లాకు మీద పెట్టి మూడు బోర్లూ చుట్టూ చూసుకుంటే చాలు. షాపులో మడత పడినది ఎంత మంచి కంపెనీదైనా తీసుకోవద్దు. మడత దగ్గర పొర విడిపోతుంది.

ఇక నా మాట. బండి ఉంచుకునేవాళ్లకి జెన్యూన్ దొరికితే అదే. దొరక్కపోతే పేరున్న కంపెనీది, నంబరు కలిస్తే, నిశ్చింతగా వేయించండి. మూడోది ఎంత తక్కువకి వచ్చినా వద్దు. గ్యాస్కెట్ ధరలో మిగిలేది కొంచెం, అది పోతే మళ్లీ హెడ్ దింపే కూలి, కూలెంట్, ఆయిల్, అన్నీ మొదటి నుంచి. షీటు తెచ్చి చేత్తో కోసే ప్యాకింగ్‌లు మన ఆటోనగర్‌లో అద్భుతంగా చేస్తారు. వాటర్ పంపుకో థర్మోస్టాట్‌కో అవి బాగానే పనిచేస్తాయి. హెడ్‌కి మాత్రం అడగొద్దు.

మంచి గ్యాస్కెట్ తెచ్చినా హెడ్ వంగి ఉంటే లాభం లేదు. ఈ హెడ్ అల్యూమినియం, వేడెక్కితే వంగుతుంది. లేత్ షాపులో స్కేలు పెట్టి, సన్నటి సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో చూపించమనండి. వంపు 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్, అంటే హెడ్ అడుగు సమంగా కోయించడం, చేయించాల్సిందే. బోల్టు రంధ్రాల్లో మిగిలిన నీళ్లు, ఆయిల్ గాలి కొట్టి తీసేయాలి, లేకపోతే బోల్టు ఎంత బిగిందో చూపే టార్క్ రెంచ్ చెప్పేది అబద్ధం అవుతుంది. బిగింపు మధ్య నుంచి బయటికి, విడతలు విడతలుగా. ఈ గ్యాస్కెట్‌కి సిలికాన్ గమ్ పూయకూడదు. రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి, కూలెంటే పోయండి.

బాబాయ్ గారి బండికి జెన్యూన్‌దే వేయిస్తున్నాం, హెడ్ ఇప్పుడు ఫేసింగ్‌లో ఉంది. అంబాసిడర్ గ్యాస్కెట్ గురించి అడిగినవాళ్లు మీ బండిలో పాత 1489 సిసి ఇంజనా, ఇసుజు 1.8 లీటరా కామెంట్‌లో రాయండి. అది తెలిస్తేనే ఏ గ్యాస్కెట్ వెతకాలో చెప్పగలను.