పది గంటల లేఓవర్: ఊరు చూడాలా, విమానాశ్రయంలోనే ఉండాలా?

నమస్కారం. విదేశానికి టికెట్ కొనేటప్పుడు కళ్లు ముందు ధర మీదికే పోతాయి. కొన్న తర్వాత తీరిగ్గా చదివితే, మధ్యలో ఎక్కడో పది గంటలు ఆగాలని కనిపిస్తుంది. దీన్నే లేఓవర్ అంటారు. ఆ పది గంటలూ కుర్చీలో కునికిపాట్లు పడుతూ గడపనక్కర్లేదు. ఏం చేయవచ్చో చూద్దాం.

ముందు ఒక లెక్క. తెర మీద రాస్తున్నాను, చూడండి. ఉదయం 6 గంటలకు దిగారు, తర్వాతి విమానం సాయంత్రం 4 గంటలకు. విమానం ఆగి, తలుపులు తెరిచి, వెనక వరుసలో కూర్చున్న మీరు బయటపడి, ఆ పొడవాటి నడవాలన్నీ దాటేసరికి అరగంట. ఇమిగ్రేషన్ వరుసకు ఒక గంట వేసుకోండి. నాలుగైదు పెద్ద విమానాలు ఒకేసారి దిగాయంటే ఆ గంట కూడా చాలదు. ఊళ్లోకి వెళ్లడానికి ముప్పావు గంట, రావడానికి ముప్పావు గంట. విమానం కదలడానికి మూడు గంటల ముందే తిరిగి వచ్చేయాలి, ఎందుకంటే భద్రతా తనిఖీ, పాస్‌పోర్టు తనిఖీ మళ్లీ మొదటి నుంచీ చేస్తారు. మొత్తం కూడితే ఆరు గంటలు. మీ చేతిలో మిగిలేవి నాలుగు.

ఇదే లెక్క ఆరు గంటల లేఓవర్‌కు వేసి చూడండి. మిగిలేది సున్నా. అందుకే సొంతంగా ఊరు చూడాలంటే ఎనిమిది గంటలకు తక్కువైతే వద్దంటాను. ఆ ఎనిమిది గంటలు కూడా రవాణా సులువుగా ఉన్న చోటే సరిపోతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది, ఇరవై నిమిషాల లోపే నగరం నడిబొడ్డున దిగవచ్చు. దుబాయ్, దోహాలలో మెట్రో విమానాశ్రయం దాకా వస్తుంది. అర్ధరాత్రి దాటాక దిగితే మాత్రం మెట్రో వేళలు ముందే చూసుకోండి.

సొంతంగా తిరిగే ధైర్యం లేదంటారా? కొన్నిచోట్ల వాళ్లే తిప్పి తీసుకొస్తారు, అదీ ఉచితంగా. సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో అయిదున్నర గంటల నుంచి 24 గంటల లోపు ఆగేవారికి రెండున్నర గంటల ఉచిత యాత్ర ఉంది. ఇస్తాంబుల్‌లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ ప్రయాణికులను, 6 నుంచి 24 గంటల లేఓవర్ ఉంటే, నగరమంతా చూపిస్తుంది. దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో కూడా ఇలాంటి యాత్రలున్నాయి. నేను ఇంతకు ముందు చెప్పిన హద్దు కన్నా ఇవి తక్కువ సమయానికే ఒప్పుకుంటాయి కదా? బస్సు వాళ్లదే, వేళ వాళ్లదే, దారి వెతుక్కునే పని మీకు ఉండదు కాబట్టి అది సాధ్యమవుతుంది. అయితే సీట్లు పరిమితం. దిగగానే ముందు ఆ యాత్ర కౌంటరుకే వెళ్లండి, కాఫీ తర్వాత తాగవచ్చు.

ఇక అసలు చిక్కు వీసా. ఉచిత యాత్ర అన్నంత మాత్రాన వీసా మినహాయింపు రాదు. విమానాశ్రయం దాటి అడుగు బయట పెడుతున్నారంటే ఆ దేశంలోకి ప్రవేశిస్తున్నట్టే. కొన్ని దేశాలలో, కొన్ని పాస్‌పోర్టులకు, బయటికి వెళ్లకుండా విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా పద్ధతి మరీ వేరు: అక్కడ విమానం మారి మరో దేశానికి పోయేవారు సాధారణంగా ఇమిగ్రేషన్ దాటాల్సిందే, వీసా ఉండాల్సిందే. చెక్ ఇన్ కౌంటరులో ఉద్యోగులు ఈ నిబంధనలను టిమాటిక్ అనే వ్యవస్థలో చూస్తారు. చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో అదే సమాచారం మనకూ దొరుకుతుంది. ఎవరో బంధువు రెండేళ్ల క్రితం వెళ్లొచ్చారని ఆ మాట పట్టుకుని బయలుదేరకండి. నిబంధనలు మారుతుంటాయి, పైగా వారి పాస్‌పోర్టు, వారి వీసాలు మీవి కావు.

ఇప్పుడు దీన్ని దగ్గరగా చూడండి. చెక్ ఇన్ చేసినప్పుడు మీ పెట్టెకు గుర్తుగా బోర్డింగ్ పాస్ వెనక అంటించి ఇచ్చే చిన్న చీటీ ఇది. చాలామంది దీన్ని చూడనైనా చూడరు. దీని మీద మూడక్షరాల కోడ్ ఉంటుంది: ఇస్తాంబుల్ అయితే ఐ.ఎస్.టి., సింగపూర్ అయితే ఎస్.ఐ.ఎన్. అక్కడ మీ చివరి గమ్యం కోడ్ ఉంటే పెట్టె సాధారణంగా నేరుగా అక్కడికే పోతుంది, మీరు ఖాళీ చేతులతో తిరగవచ్చు. మధ్యలో ఆగే ఊరి కోడ్ ఉంటే మాత్రం అక్కడ పెట్టె తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి. అనుమానంగా ఉంటే కౌంటరు వదలక ముందే అడగండి. రెండు ప్రయాణాలకూ వేర్వేరుగా టికెట్లు కొన్నవారికి ఇది మరీ ముఖ్యం: పెట్టె తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే వీసా కావాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం కూడా మీదే. ఒకే బుకింగ్‌లో ఉంటే మరో విమానం చూపించే బాధ్యత విమాన సంస్థది.

హోటల్ గది సంగతి చాలామంది అడగనే అడగరు. లేఓవర్ మరీ పొడవైతే కొన్ని సంస్థలు గది ఇస్తాయి. ఎమిరేట్స్ వారి దుబాయ్ కనెక్ట్ అలాంటిదే. కానీ అంతకన్నా తక్కువ విరామంతో మరో విమానం ఉన్నా, చౌకగా వస్తుందని మీరే ఈ పొడవాటిదాన్ని ఎంచుకుంటే ఇవ్వరు. ప్రయాణానికి ముందే బుక్ చేసుకోవాలి. దిగాక అడిగితే పని జరగదు.

లోపలే ఉండిపోయేవారి సంగతికి వద్దాం. దిగగానే కూలబడకండి, ముందు నడవండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. విమానం లోపలి గాలిలో తేమ తరచూ 20 శాతం కూడా ఉండదు కాబట్టి నీళ్లు బాగా తాగండి. ఖాళీ సీసా వెంట ఉంటే తనిఖీ దాటాక కుళాయి దగ్గర నింపుకోవచ్చు. నడకకు తోడు చూడటానికి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది: దోహాలో విమానాశ్రయం లోపలే ఒక పెద్ద తోట పెంచారు, చాంగీ మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉంది. చాంగీలో అందరూ ఫొటోలు తీసుకునే 40 మీటర్ల జలపాతం మాత్రం పక్కనే జువెల్ అనే భవనంలో ఉంది, దానికి ఇమిగ్రేషన్ దాటాలి.

తర్వాత స్నానం. నా మటుకు నాకు లాంజ్‌లో, అంటే డబ్బు కట్టి విశ్రాంతి తీసుకునే హాల్లో, భోజనం కన్నా వేడినీళ్ల స్నానమే ఎక్కువ. లాంజ్‌కు డబ్బు కట్టే ముందు ఎన్ని గంటలు ఉండనిస్తారో అడగండి. మూడు గంటల పరిమితి ఉన్నవి చాలా ఉన్నాయి. పది గంటల విరామంలో దాన్ని మొదట్లోనే ఖర్చు చేసుకుంటే చివర్లో మళ్లీ కుర్చీలే గతి. రాత్రివేళ అయితే టెర్మినల్ లోపల గంటల లెక్కన దొరికే గది నయం.

వైఫై గురించి ఒక్క మాట. కొన్నిచోట్ల ఫోనుకు వచ్చే కోడ్ అడుగుతారు, రోమింగ్ లేకపోతే ఆ సందేశం రాదు. పాస్‌పోర్టు స్కాన్ చేస్తే కోడ్ ఇచ్చే యంత్రాలు దగ్గర్లో ఉన్నాయేమో చూడండి. బోర్డింగ్ పాస్, హోటల్ చిరునామా మాత్రం ముందే ఫోనులో దాచుకోండి. డ్యూటీ ఫ్రీలో ద్రవాలు కొంటే సీలు వేసిన సంచిని చివరి గమ్యం దాకా తెరవకండి. తెరిస్తే, ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదనే నిబంధన ఉన్న చోట తర్వాతి తనిఖీలో తీసేసుకుంటారు.

చివరగా నిద్ర. ఇరవై నిమిషాలు కునుకు తీయండి, లేదా గంటన్నర పడుకోండి. మధ్యలో లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంచుకుని, బ్యాగు పట్టీ చేతికి చుట్టుకోండి. అలారం బదులు టైమర్ పెట్టండి: ఫోను విమానం మోడ్‌లోనే ఉండిపోతే గడియారం బయలుదేరిన ఊరి వేళనే చూపిస్తుండవచ్చు, టైమర్‌కు ఆ గొడవ లేదు. లేవగానే నేరుగా సమాచార తెర దగ్గరికి వెళ్లండి. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు పేరు పెట్టి పిలవడం, ప్రకటనలు చేయడం తగ్గించేశారు. మీరు పడుకున్నప్పుడు చూసిన గేటు ఈలోపు మారి ఉండవచ్చు.