ఉబుంటు సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్: ఇన్‌స్టాల్ రెండు నిమిషాలు, అసలు పని ఆ తర్వాత

[తెర మీద: నల్లటి టెర్మినల్. మధ్యలో ఒకే ఒక్క లైను: 'కనెక్షన్ రెఫ్యూజ్డ్']

నమస్కారమండీ. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి రెండు కమాండ్లు చాలు. తలనొప్పంతా ఆ తర్వాతే. సర్వర్ మీదే కూర్చుని లాగిన్ అవ్వబోతే ఒక ఎర్రర్. టేబుల్ తయారుచేయబోతే ఇంకోటి. పక్క కంప్యూటర్ నుంచి వస్తే మూడోది. ఒక్కోటి ఒక్కో గుమ్మం దగ్గర పుడుతుంది. ఏ మెసేజ్ ఏ గుమ్మానిదో తెలిస్తే, నెట్‌లో దొరికిన ప్రతి లైనూ తెచ్చి అతికించే పని తప్పుతుంది.

మన దగ్గరున్నది ఉబుంటు 24.04 సర్వర్, 4 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ డిస్క్. ఒక చిన్న షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి డేటాబేస్ పెడుతున్నాం అనుకోండి. కమాండ్ల స్పెల్లింగ్ తెర మీద చూసి టైప్ చేయండి, నేను చెప్పేది వినడానికే. డెబియన్ వాడేవాళ్లకూ దాదాపు ఇవే అడుగులు, వెర్షన్ నంబర్ మాత్రం మారుతుంది.

[తెర మీద: 'లొకేల్' కమాండ్, దాని అవుట్‌పుట్]

ఇన్‌స్టాల్ కొట్టకముందే 'లొకేల్' అని టైప్ చేసి చూడండి, సర్వర్ ఏ భాష, ఏ అక్షరాల పద్ధతి వాడుతోందో చెప్తుంది. తెలుగు డేటా పెట్టేవాళ్లకి దీన్ని మించిన అడుగు లేదు, అందరూ దాటేసేదీ దీన్నే. 'లాంగ్' అన్న లైను చివర యూటీఎఫ్-8 అని ఉండాలి. అక్కడ ఖాళీగా ఉన్నా, ఉత్త 'సి' అని ఉన్నా, డేటాబేస్ ఎస్‌క్యూఎల్ ఆస్కీ అనే ఎన్‌కోడింగ్‌లో తయారవుతుంది. కంటైనర్ ఇమేజ్‌లలో ఇది మామూలే. అందులో తెలుగు పెడితే లోపలికి పోతుంది, తిరిగి బయటికీ వస్తుంది. అందుకే తప్పు వెంటనే కనపడదు.

[తెర మీద: పెద్ద అక్షరాల్లో 'వెంకటేశ్వరరావు'. కింద 7, 14, 42]

ఈ పేరు చూడండి. మన కంటికి ఏడు అక్షరాలు: వెం, క, టే, శ్వ, ర, రా, వు. యూనికోడ్‌లో గుణింతం గుర్తు, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క, కాబట్టి 14. డిస్క్ మీద ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 42. యూటీఎఫ్-8 డేటాబేస్‌ని 'లెంగ్త్' అడిగితే 14 అంటుంది. ఎస్‌క్యూఎల్ ఆస్కీని అడిగితే 42 అంటుంది. కాలమ్‌కి వార్‌క్యార్ 20, అంటే 20కి మించకూడదని పెట్టి ఉంటే రెండోదాంట్లో ఈ పేరు పట్టదు, 'వాల్యూ టూ లాంగ్' అని తోసేస్తుంది. అన్నట్టు, యూటీఎఫ్-8లో కూడా 20 అంటే మనం అనుకునే 20 అక్షరాలు కావు. పేర్లకి 'టెక్స్ట్' టైప్ పెట్టేయండి. పోస్ట్‌గ్రెస్‌లో దానివల్ల వేగం ఏమీ తగ్గదు.

ఇంకో చిక్కు మన దేశంలో సెట్ చేసిన ల్యాప్‌టాప్‌లతో వస్తుంది. ఎస్ఎస్‌హెచ్ చేసినప్పుడు, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయినప్పుడు, ల్యాప్‌టాప్ తన 'ఈఎన్ ఇన్' (భారతీయ ఇంగ్లీష్) లొకేల్‌ని సర్వర్‌కి కూడా మోసుకెళ్తుంది. సర్వర్‌లో ఆ లొకేల్ లేకపోతే ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిపోతుంది గానీ డేటాబేస్ తయారవ్వదు. ఇన్‌స్టాల్ మెసేజ్‌ల మధ్యలో 'ది లొకేల్ రిక్వెస్టెడ్ బై ది ఎన్విరాన్‌మెంట్ ఈజ్ ఇన్‌వాలిడ్' అని ఒక్క లైను వచ్చి పైకి జారిపోతుంది. అలా అయితే 'లొకేల్ జెన్'తో ఆ లొకేల్ తయారుచేసి, 'పీజీ క్రియేట్ క్లస్టర్ 16 మెయిన్' కొట్టండి. మళ్లీ మొత్తం ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

[తెర మీద: సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్]

ఇక ఇన్‌స్టాల్. తెర మీద ఉన్న రెండు లైన్లే. ఉబుంటు 24.04 ఇచ్చేది వెర్షన్ 16. పోస్ట్‌గ్రెస్ ప్రతి పెద్ద వెర్షన్‌కీ 5 ఏళ్లు సపోర్ట్ ఇస్తుంది, 16కి 2028 నవంబర్ దాకా ఉంది. బిల్లింగ్‌కి అది చాలు. కొత్త వెర్షన్ తప్పదంటే పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత ఆప్ట్ రిపాజిటరీ ఉంది, కానీ కొత్త నంబర్ మోజుకోసం అటు వెళ్లొద్దు.

ఇప్పుడు సర్వీస్ నడుస్తోందా అని 'సిస్టమ్ సీటీఎల్ స్టేటస్' చూస్తే 'యాక్టివ్, ఎగ్జిటెడ్' అంటుంది. ఎగ్జిటెడ్ అని చూసి కంగారు పడకండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఆ సర్వీస్ ఉత్త పేరుకే. అసలు పనిచేసేది 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఎట్ 16 డ్యాష్ మెయిన్'. అసలు సర్వర్ పడిపోయినా పైది మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి స్టేటస్‌ని నమ్మకుండా ఈ కమాండ్ అలవాటు చేసుకోండి.

[తెర మీద: 'పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్' అవుట్‌పుట్, ఒకే లైను]

పీజీ ఎల్ఎస్ క్లస్టర్స్. వెర్షన్, పోర్ట్, నడుస్తోందా లేదా, డేటా ఎక్కడుంది, లాగ్ ఎక్కడుంది, అన్నీ ఒకే లైనులో. క్లస్టర్ అంటే ఇక్కడ పది మెషీన్ల గుంపు కాదు, ఒక సర్వర్ ప్రాసెస్, దాని కింద ఉండే డేటాబేస్‌లు, అంతే. పోర్ట్ 5432 ఉండాలి. 5433 కనిపిస్తే పాత వెర్షన్ ఏదో ఆ మెషీన్‌లో ముందే కూర్చుని ఉందన్నమాట.

[తెర మీద: 'పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్']

మొదటి గుమ్మం. డేటాబేస్‌లోకి వెళ్లడానికి 'పీఎస్‌క్యూఎల్ డ్యాష్ యూ పోస్ట్‌గ్రెస్' కొట్టగానే ఈ ఎర్రర్. పాస్‌వర్డ్ ఏంటని వెతకకండి, అసలు పాస్‌వర్డే లేదు. పీర్ అంటే, లినక్స్‌లో మీరు ఏ పేరుతో లాగిన్ అయ్యారో డేటాబేస్‌లోకి కూడా ఆ పేరుతోనే రావాలి. పోస్ట్‌గ్రెస్ అనే లినక్స్ యూజర్‌ని ఇన్‌స్టాలరే తయారుచేసింది, అతని పేరు మీద వెళ్తే చాలు: 'సుడో డ్యాష్ యూ పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్'. 'కుడ్ నాట్ చేంజ్ డైరెక్టరీ' అని ఒక లైను వస్తే వదిలేయండి, మీ హోమ్ ఫోల్డర్‌లోకి అతనికి ప్రవేశం లేదని చెప్తోంది, అంతే.

దీని కోసం, ఎవరు ఏ దారిలో రావచ్చో రాసి ఉండే పీజీ హెచ్‌బీఏ ఫైల్ తెరిచి పీర్ తీసేసి 'ట్రస్ట్' పెట్టమనే సలహా ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. ట్రస్ట్ అంటే ఎవరు ఏ పేరు చెప్పినా పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి పంపేయమని. తాళం రాలేదని తలుపే ఊడబెరకడం అది.

[తెర మీద: క్రియేట్ యూజర్, క్రియేట్ డీబీ కమాండ్లు]

ఇప్పుడు 'క్రియేట్ యూజర్'కి పీడబ్ల్యూ ప్రాంప్ట్ ఆప్షన్ ఇచ్చి 'బిల్లర్' అనే యూజర్‌ని తయారుచేద్దాం, పాస్‌వర్డ్ అదే అడుగుతుంది. తర్వాత 'క్రియేట్ డీబీ', పెద్ద ఓ ఆప్షన్‌తో బిల్లర్‌ని ఓనర్‌గా చెప్పి 'బిల్లింగ్' డేటాబేస్.

ఓనర్ అన్న మాట దగ్గర ఆగాలి. పాత ట్యుటోరియల్స్‌లో డేటాబేస్ తయారుచేసి 'గ్రాంట్ ఆల్ ఆన్ డేటాబేస్' ఇవ్వమంటారు. వెర్షన్ 14 దాకా అలా నడిచిపోయింది. 15 నుంచి, పబ్లిక్ స్కీమాలో, అంటే డేటాబేస్ లోపల టేబుల్స్ పెట్టే మామూలు అరలో, ఎవరుపడితే వాళ్లు టేబుల్స్ పెట్టే వీలు తీసేశారు. గ్రాంట్ ఆల్ అన్నా అది డేటాబేస్ వరకే, లోపలున్న స్కీమాకి వర్తించదు. అందుకే 'పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్' అని వస్తుంది, ఆల్ ఇచ్చాం కదా అని మనం జుట్టు పీక్కుంటాం. ఓనర్‌గా బిల్లర్‌నే పెడితే ఈ గొడవే లేదు.

పరీక్షకి 'పీఎస్‌క్యూఎల్ డ్యాష్ హెచ్ లోకల్‌హోస్ట్' అని వెళ్లండి. డ్యాష్ హెచ్ లేకపోతే దారి సాకెట్ ఫైల్ గుండా, అక్కడ పీర్ రూల్. డ్యాష్ హెచ్ ఉంటే నెట్‌వర్క్ దారి, అక్కడ పాస్‌వర్డ్ రూల్. ఇటు పనిచేసి అటు చేయకపోవడానికి కారణం ఇదే.

లోపలికి వెళ్లాక ఒక చిన్న విషయం. కమాండ్ కొట్టినా ఏమీ జరగట్లేదా? ప్రాంప్ట్ చూడండి. డేటాబేస్ పేరు పక్కన 'ఈక్వల్స్' గుర్తు ఉండాల్సిన చోట డ్యాష్ ఉంటే, సెమీకోలన్ మర్చిపోయారు. అదింకా మీ వాక్యం పూర్తవుతుందని ఎదురుచూస్తోంది.

[తెర మీద: రెండు కంప్యూటర్లు. మధ్యలో మూడు గుమ్మాలు]

బయటి కంప్యూటర్ నుంచి రావాలంటే మూడు దాటాలి. సర్వర్ బయటివాళ్ల మాట వింటోందా? ఫైర్‌వాల్ వదులుతోందా? పీజీ హెచ్‌బీఏలో పేరుందా?

'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని తక్షణం వస్తే సాధారణంగా మొదటిదే కారణం. పోస్ట్‌గ్రెస్ మామూలుగా లోకల్‌హోస్ట్‌లో మాత్రమే వింటుంది. ఈటీసీ కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 16, మెయిన్ ఫోల్డర్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డాట్ కాన్ఫ్ ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. పక్కనే ఉన్న కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో మీ సొంత ఫైల్ పెట్టండి, పేరు చివర డాట్ కాన్ఫ్ తప్పనిసరి. ఏం మార్చామో ఆరు నెలల తర్వాత కూడా ఒక్క చోటే కనపడుతుంది. అందులో 'లిజన్ అడ్రసెస్' కి నక్షత్రం గుర్తు ఇవ్వండి, అన్ని అడ్రసుల్లోనూ వినమని. నక్షత్రం బదులు లోకల్‌హోస్ట్, సర్వర్ ఐపీ రెండే రాస్తే భద్రత అనిపిస్తుంది గానీ, రీబూట్‌లో నెట్‌వర్క్ లేవకముందే పోస్ట్‌గ్రెస్ లేస్తే ఆ ఐపీ దొరకదు. లాగ్‌లో ఒక వార్నింగ్ రాసేసి, లోకల్‌హోస్ట్‌తోనే నడిచిపోతుంది. పొద్దున్నే షాపు తెరిచేసరికి కౌంటర్లలో బిల్లు రాదు. ఈ సెట్టింగ్‌కి రీస్టార్ట్ కావాలి, రీలోడ్ సరిపోదు.

ఎర్రర్ కూడా రాకుండా చాలాసేపు తిప్పి తిప్పి 'టైమ్ అవుట్' అంటే అది ఫైర్‌వాల్. షాపు లోపలి నెట్‌వర్క్ 192.168.1.0/24 అనుకుంటే, ఉబుంటు ఫైర్‌వాల్ 'యూఎఫ్‌డబ్ల్యూ'లో అక్కడి నుంచి 5432కి మాత్రమే అనుమతివ్వండి. దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి యూఎఫ్‌డబ్ల్యూని మొదటిసారి ఆన్ చేస్తుంటే, ముందు ఎస్ఎస్‌హెచ్‌కి అనుమతి ఇవ్వండి. లేదంటే మీ కాళ్ల కింద కొమ్మ మీరే నరుక్కున్నట్టు. క్లౌడ్ సర్వర్ అయితే వాళ్ల ప్యానెల్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉంటుంది. 5432ని లోకం మొత్తానికీ తెరవకండి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ గుండా రండి.

[తెర మీద: పీజీ హెచ్‌బీఏ ఫైల్. ఒక లైను పసుపు రంగులో]

'నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ ఫర్ హోస్ట్' అని వచ్చిందా? సంతోషించండి, రెండు గుమ్మాలు దాటేశారు. కావలసిన లైనులో వరసగా ఐదు మాటలు: హోస్ట్, డేటాబేస్ పేరు, యూజర్ పేరు, ఐపీ రేంజ్, పద్ధతి. పద్ధతి అంటే పాస్‌వర్డ్ సరిచూసే తీరు, 'స్క్రామ్ షా 256' అని రాయండి. ఎండీ5 అని రాసి ఉన్న పాత ఉదాహరణలు పక్కన పెట్టేయండి.

ఈ ఫైల్ పైనుంచి కిందికి చదవబడుతుంది, మొదట సరిపోయిన లైనుతో ఆగిపోతుంది. ఆ లైనులో ఫెయిలైతే కిందది చూడదు. పైన 'రిజెక్ట్' ఉంటే కింద ఎంత చక్కగా రాసినా దండగ. మెయిన్ కాన్ఫ్ ఫైల్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అక్కడ ఒకే సెట్టింగ్ రెండుసార్లు ఉంటే చివరిదే చెల్లుతుంది.

మార్చాక రీలోడ్ మాత్రమే చేయండి. రీలోడ్‌లో తప్పు దొరికితే పాత రూల్స్‌తోనే నడుస్తుంది, పని ఆగదు. అదే తప్పుతో రీస్టార్ట్ చేస్తే సర్వర్ అసలు లేవదు. తప్పు ఏ లైనులో ఉందో 'పీజీ హెచ్‌బీఏ ఫైల్ రూల్స్' అనే వ్యూలో 'ఎర్రర్' కాలమ్ చెప్తుంది.

[తెర మీద: నాలుగు సెట్టింగ్‌లు, పాత విలువ, కొత్త విలువ]

మెమరీ. 'షేర్డ్ బఫర్స్' మామూలుగా 128 ఎంబీ, ర్యామ్‌లో పావు వంతు ఇవ్వండి, మనకి 1 జీబీ. 'ఎఫెక్టివ్ క్యాష్ సైజ్' 3 జీబీ. ఇది మెమరీ ఏమీ తీసుకోదు, క్వెరీ ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్‌కి ఇచ్చే అంచనా మాత్రమే. ఎస్ఎస్‌డీ కాబట్టి 'ర్యాండమ్ పేజ్ కాస్ట్' 4 నుంచి 1.1కి.

జాగ్రత్త పడాల్సింది 'వర్క్ మెమ్' దగ్గర. మొదట 4 ఎంబీ ఉంటుంది. చూడ్డానికి చిన్నది కదా అని 64 పెట్టేస్తారు. అది సర్వర్ మొత్తానికి కాదు, కనెక్షన్‌కి కూడా కాదు. క్వెరీలో జరిగే ప్రతి సార్టింగ్‌కీ విడిగా. 100 కనెక్షన్లు తలా ఒక్క సార్టింగ్ చేసినా 6,400 ఎంబీ. మన దగ్గరున్నది 4 జీబీ. అప్పుడు లినక్స్ తనంతట తానే ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ని చంపేస్తుంది. ఒకటి అలా పోతే మిగతా కనెక్షన్లన్నీ తెగి, సర్వర్ రికవరీలోకి వెళ్తుంది. 8 ఎంబీ పెట్టి ఆపండి. నెలవారీ రిపోర్ట్‌కి ఎక్కువ కావాలంటే ఆ సెషన్‌లో మాత్రం 'సెట్' చేసుకోండి.

మార్చినా విలువ మారట్లేదంటే, ఎవరో ఎప్పుడో 'ఆల్టర్ సిస్టమ్' వాడి ఉంటారు. అది డేటా ఫోల్డర్‌లో ఆటో డాట్ కాన్ఫ్ అనే ఫైల్‌లో రాస్తుంది, మీ ఫైల్స్ అన్నిటి మీదా అదే గెలుస్తుంది. లేదా లైను ముందున్న హ్యాష్ గుర్తు తీయడం మర్చిపోయారు, రెండోదే ఎక్కువ.

[తెర మీద: పోస్ట్‌గ్రెస్ యూజర్ క్రాన్‌ట్యాబ్, ఒక లైను]

బ్యాకప్ రాత్రి 2 గంటలకి. చెప్పిన టైముకి కమాండ్లు నడిపేది క్రాన్, దాని లిస్టు క్రాన్‌ట్యాబ్. పోస్ట్‌గ్రెస్ యూజర్ క్రాన్‌ట్యాబ్‌లోనే రాస్తే పీర్ పద్ధతిలో వెళ్తుంది, పాస్‌వర్డ్ ఎక్కడా రాయక్కర్లేదు. బ్యాకప్ తీసే 'పీజీ డంప్'కి పెద్ద ఎఫ్, చిన్న సి ఆప్షన్. ఫైల్ పేరులో తేదీ పెట్టేటప్పుడు శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి. క్రాన్‌కి శాతం గుర్తు అంటే కొత్త లైను, అక్కడితో మీ కమాండ్ తెగిపోతుంది. టెర్మినల్‌లో కొట్టి చూస్తే చక్కగా పనిచేస్తుంది, రాత్రి మాత్రం చేయదు.

వారానికోసారి ఆ ఫైల్‌ని వేరే ఖాళీ డేటాబేస్‌లోకి 'పీజీ రిస్టోర్' చేసి, బిల్లుల సంఖ్య, చివరి బిల్లు తేదీ సరిచూడండి. కొత్త మెషీన్ మీదికి రిస్టోర్ చేస్తే 'రోల్ బిల్లర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అని వస్తుంది. యూజర్లు, పాస్‌వర్డ్‌లు డేటాబేస్‌లో కాకుండా క్లస్టర్ స్థాయిలో ఉంటాయి, పీజీ డంప్ వాటిని తీసుకోదు. 'పీజీ డంప్ ఆల్'కి 'గ్లోబల్స్ ఓన్లీ' ఆప్షన్ ఇచ్చి ఇంకో లైను అదే క్రాన్‌ట్యాబ్‌లో కింద రాయండి.

[తెర మీద: క్రాన్‌ట్యాబ్‌లో రెండో లైను చేరుతుంది. తెర నల్లబడుతుంది]