మందులిచ్చే వేళ సిస్టర్ జేబులో ఫోన్

[తెరపై: ఇన్సులిన్ సిరంజిలు రెండు. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నారింజ మూత.]

రెండూ ఇన్సులిన్ సిరంజిలే. ఎర్ర మూతది మి.లీ.కి 40 యూనిట్లుండే మందుకి, నారింజ మూతది 100 యూనిట్లుండే మందుకి. 100 యూనిట్ల మందును పొరపాటున ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే, పేషెంటుకి ఏకంగా 50 యూనిట్లు వెళ్లిపోతాయి. షుగర్ ప్రాణం మీదకొచ్చేంతగా పడిపోవచ్చు. సరిగ్గా ఆ సిరంజి లోడ్ చేస్తున్నప్పుడే జేబులో ఫోన్ మోగిందనుకోండి.

[తెరపై: 98 మంది నర్సులు, 4,271 డోసులు]

సిడ్నీలో రెండు ఆసుపత్రుల్లో నర్సులు మందులిస్తుంటే పక్కనే నిలబడి గమనించారు. 2010లో ఫలితాలు వచ్చాయి. సగానికి పైగా డోసులప్పుడు ఎవరో ఒకరు పని మధ్యలో ఆపారు. ఒక్కో అంతరాయానికి మందు, డోసు లాంటి వాటిలో తప్పులు 12.7 శాతం పెరిగాయి. అది ఫోన్ల మీద చేసిన అధ్యయనం కాదు, అన్ని రకాల అంతరాయాలనూ లెక్కేశారు. అయితే ఫోన్ ఉంటే పిలిచేవాళ్లు వార్డులోనే ఉండాలని లేదు, ఊళ్లో ఎవరైనా ఆపగలరు.

మరి ఫోన్ లాగేసుకుంటే సరిపోదా? సరిపోదు. డ్యూటీ చార్టు వచ్చేది వాట్సాప్ గ్రూపులోనే. ల్యాబ్ రిపోర్టు ఫొటో తీసి పంపమని డాక్టరుగారు అడిగేదీ అందులోనే. పని కోసమే ఫోన్ తీస్తారు, పైన ఇంకేదో నోటిఫికేషన్ కనిపిస్తుంది, వేలు అటు వెళుతుంది. నైట్ డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి రీల్స్, పొద్దున ఇంటికెళ్లాక నిద్ర పట్టక మళ్లీ రీల్స్. ఆ నిద్రలేమితోనే మళ్లీ డ్యూటీకి రావాలి. ఇంతమంది పేషెంట్లను ఒక్కరే చూసుకునే సిస్టర్‌ని "ఫోన్ పిచ్చి" అని తిట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఎన్ని గంటలు చూస్తున్నారన్నదాని కన్నా, ఆపాలనుకున్నప్పుడు ఆపలేకపోతున్నారా, దగ్గర లేకపోతే టెన్షన్ వస్తోందా అన్నవి చూసుకోవాలి. అవునంటే సాయం అడగడంలో తప్పు లేదు.

[తెరపై: మందుల ట్రాలీ, నర్సింగ్ స్టేషన్‌లో డ్రాయరు]

వార్డు మొత్తానికీ ఒక్క నియమం పెట్టి చూడండి. ట్రాలీ కదిలిందంటే ఫోన్ డ్రాయరులోకి. ట్రాలీ తిరిగొచ్చేదాకా ఇన్‌చార్జి సిస్టర్ గ్రూపులో ఏమీ పెట్టకూడదు. అర్జెంటైతే డాక్టరుగారు వార్డు ఫోన్‌కి చేయాలి, దాన్ని మందులివ్వని మరొకరు ఎత్తాలి. ఆ నంబరు ప్రతి సిస్టర్ ఇంట్లోనూ ఉండాలి. బాబుకి జ్వరంగా ఉందని జేబులో ఫోన్ పెట్టుకున్న తల్లి, ఆ నంబరు ఇంట్లో ఉంటేనే ధైర్యంగా ఫోన్ డ్రాయరులో పెడుతుంది.