ఓ చెవి అటు వేసి వినండి

నమస్కారమండీ. ఈమధ్య వింటున్న పాడ్‌కాస్టుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉన్న టైములో ఓ ఇరవై పేర్లు గబగబా చదివేసి వెళ్ళిపోవచ్చు, కానీ ఉత్త పేర్లు వింటే ఏమొస్తుంది, తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్కదాని గురించి తీరిగ్గా చెప్తాను, ఇంకో మూడు అలా తాకి వదిలేస్తాను, ఆ తర్వాత అసలు వినే పద్ధతి గురించి ఓ మాట.

పాడ్‌కాస్ట్ అన్న మాట కొత్తగా వింటున్నవాళ్ళకి ఒక్క ముక్క. ఇది రేడియో ప్రోగ్రామ్ లాంటిదే, కాకపోతే టైముకి వచ్చి కూర్చోనక్కర్లేదు, ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు, ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, చాలావరకు ఫ్రీ. ఐపాడ్‌లో పాడ్, బ్రాడ్‌కాస్ట్‌లో కాస్ట్ కలిపితే 2004లో ఈ పేరు పుట్టింది, ఆ ఐపాడ్ తయారీ ఎప్పుడో ఆపేశారు గానీ పేరు మాత్రం నిలబడిపోయింది. 2014లో సీరియల్ అనే క్రైమ్ పాడ్‌కాస్ట్ వచ్చాక జనం బాగా ఇటు తిరిగారు. చరిత్ర ఇంతవరకు చాలు.

నేను చెప్పదలుచుకున్న పాడ్‌కాస్ట్ పేరు ఇయర్ హసల్. ఇది కాలిఫోర్నియాలో శాన్ క్వెంటిన్ అనే జైల్లో పుట్టింది. జైలు గురించి కాదండీ, జైల్లో. లోపల శిక్ష అనుభవిస్తున్నవాళ్ళే కూర్చుని, లోపలే రికార్డు చేసి, లోపలే ఎడిట్ చేసి బయటికి పంపించిన ప్రోగ్రామ్. 1852 నుంచీ ఉన్న జైలు అది. ఆ పేరుకి అర్థం ఏంటంటే, పక్కవాళ్ళు మాట్లాడుకుంటుంటే మనకేం పట్టనట్టు ఉంటూనే ఓ చెవి అటు వేసి వినడం. అది అక్కడి ఖైదీల భాష. మనం కూడా అచ్చం అలాగే అంటాం కదా, ఓ చెవి అటు వేశాను అని. ఆ పేరు వినగానే నాకు ఎంత దగ్గరగా అనిపించిందో చెప్పలేను.

దీన్ని మొదలుపెట్టింది ముగ్గురు. నైజల్ పూర్ అని ఒకావిడ, ఆర్టిస్టు, ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పడానికి వాలంటీరుగా ఆ జైలుకి వెళ్ళేవారు. ఇంకొకాయన అర్లాన్ వుడ్స్, దోపిడీ ప్రయత్నం కేసులో లోపల ఉన్నాడు. అక్కడ మూడోసారి నేరం చేస్తే శిక్ష ఒక్కసారిగా పెంచేసే చట్టం ఉంది, దాని కింద ఆయనకి పడింది 31 ఏళ్ళ నుంచి జీవితాంతం దాకా. మూడో మనిషి ఆంట్వాన్ విలియమ్స్, ఆయన కూడా ఖైదీయే, సౌండు పనంతా ఆయనది. లోపల ఇంటర్నెట్ లేదు. మనం ఏదన్నా చప్పుడు కావాలంటే నెట్‌లో వెతుక్కుని దింపుకుంటాం, వాళ్ళకి ఆ వీలు లేదు, ఉన్నదాంతోనే చేసుకోవాలి. 2016లో కొత్త పాడ్‌కాస్టుల కోసం ఒక పోటీ పెడితే పదిహేను వందల పైచిలుకు ఎంట్రీలు వచ్చాయి, అందులో నెగ్గింది ఇదే. 2017 జూన్‌లో బయట ప్రపంచానికి మొదటి ఎపిసోడ్ వినిపించింది.

ఆ మొదటి ఎపిసోడ్ పేరు సెల్లీస్, అంటే ఒకే సెల్‌లో ఉండేవాళ్ళు. నన్నడిగితే మీరు మొదలుపెట్టాల్సింది దాంతోనే. నేనైతే జైలు కథలంటే కొట్లాటలు, పారిపోవడాలు ఉంటాయనుకుని పెట్టాను. అవేం లేవు. చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేంత గదిలో ఇంకో మనిషితో ఎలా బతకాలి, అంతే సబ్జెక్టు. ఎవరితో ఉండాలో ఎలా ఎంచుకుంటారు, కుదరకపోతే ఏం చేస్తారు, వాళ్ళ అలవాట్లేంటి, మన అలవాట్లేంటి. అందులో ఇద్దరు అన్నదమ్ములు వస్తారు. సొంత అన్నదమ్ములు, ఇద్దరూ అదే జైల్లో. ఒకరంటే ఒకరికి ప్రాణం, ఒకే సెల్ కావాలని కోరుకుని మరీ చేరారు, కానీ కలిసి ఉండలేకపోయారు. ప్రేమ తక్కువై కాదు, గది చిన్నదై. ఇది మా అక్కకి వినిపిస్తే "అన్నదమ్ములై ఉండి అదేంట్రా" అంది. "మనిద్దరం ఒకే గదిలో పరీక్షలకి చదివిన ఏడాది గుర్తుందా అక్కా" అన్నాను. తను ఇంకేం మాట్లాడలేదు, ఎపిసోడ్ మళ్ళీ మొదట్నుంచీ పెట్టమంది.

ఇంకో ఎపిసోడ్ ఉంది, లుకింగ్ అవుట్ అని. జైల్లో పెంపుడు జంతువులు పెట్టుకోకూడదు కదా, అయినా దొరికిన చిన్నాచితకా ప్రాణినల్లా చేరదీసి సాకే మనిషి కథ. ఒంటరి సెల్‌లో ఏళ్ళకేళ్ళు గడిపినవాళ్ళ ఎపిసోడ్ ఒకటి. ముసలితనంలో మతిమరుపు వచ్చిన ఖైదీల్ని తోటి ఖైదీలే చూసుకోవడం మీద ఇంకొకటి, అది వినేటప్పుడు మాత్రం చేతిలో ఏ పనీ పెట్టుకోకండి.

లోపల తయారైంది కాబట్టి ప్రతి ఎపిసోడూ ముందు జైలు వాళ్ళు విని సరేననాలి. ఆ పని చేసిన ఆఫీసరు లెఫ్టినెంట్ శామ్ రాబిన్సన్, ఆయన సరేనన్న మాట కూడా ఎపిసోడ్ చివర ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. మొదట్లో నాకు అనుమానంగా ఉండేది, ఆయన ఒప్పుకున్నదే మనకి వస్తుంటే ఇందులో నిజమెంత అని. కానీ ఎవరు ఆపగలరో వాళ్ళ గొంతు దాచకుండా మనకి వినిపించేస్తున్నారు కదా, అది నాకు నిజాయితీగా అనిపించింది. వినగా వినగా చివర్లో ఆయన గొంతు కోసం ఎదురుచూడటం కూడా అలవాటైపోయింది.

2018 నవంబర్‌లో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ అర్లాన్ వుడ్స్ శిక్ష తగ్గించారు, ఆ నెలాఖరుకే ఆయన బయటికొచ్చాడు. బయటికొచ్చి ఏం చేశాడంటే అదే పని, అదే పాడ్‌కాస్ట్. రెండేళ్ళకి, 2020లో, జర్నలిజానికి అమెరికాలో ఇచ్చే పెద్ద బహుమతి పులిట్జర్, వాళ్ళు మొదటిసారి ఆడియో రిపోర్టింగ్‌కి బహుమతి పెడితే ఇది ఫైనల్ దాకా వెళ్ళింది.

ఇంగ్లీషులో ఉంటుంది, భాష కష్టమేమో అని భయపడకండి. అక్కడి యాస, అక్కడి మాటలు మొదట్లో కొంచెం తికమకగా ఉంటాయి నిజమే, కానీ నైజల్ బయట మనిషి, ఆవిడకీ ఆ మాటలు తెలియవు, ఆవిడ అడుగుతుంది, అర్లాన్ విడమర్చి చెప్తాడు, ఆ చెప్పడంలో మనకీ తెలిసిపోతుంది. పైగా వాళ్ళ వెబ్‌సైట్‌లో ప్రతి మాటా రాతలో కూడా ఉంటుంది, చదువుకుంటూ వినొచ్చు.

సరే, మిగతా మూడు. ఇన్ ద డార్క్, రెండో సీజన్ వినండి. 1996లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఓ చిన్న ఊరి ఫర్నిచర్ షాపులో నలుగురు హత్యకి గురయ్యారు, కర్టిస్ ఫ్లవర్స్ అనే మనిషిని అదే కేసులో అదే ప్రాసిక్యూటరు ఆరుసార్లు విచారణకి నిలబెట్టాడు, ఆరుసార్లండీ, ఈ రిపోర్టర్లు ఆ ప్రాంతానికే వెళ్ళి కాపురమున్నట్టు ఉండి ఒక్కో సాక్ష్యం తిరగేశారు. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, 2020లో కేసే ఎత్తేశారు. మూడో సీజన్ 2005లో ఇరాక్‌లో హదీతాలో 24 మంది మామూలు జనం చనిపోయిన సంగతి, దానికి 2025లో పులిట్జర్ వచ్చింది, కాకపోతే మనసు గట్టిగా ఉన్నరోజు పెట్టుకోండి. సాంగ్ ఎక్స్‌ప్లోడర్ పాటలంటే ఇష్టమున్నవాళ్ళకి, పాట చేసినవాళ్ళే వచ్చి ఈ డ్రమ్ము ఇలా, ఈ గొంతు ఇలా అని ఒక్కో పొర విప్పి వినిపిస్తారు, చివర్లో మొత్తం పాట వేస్తారు, అప్పటికి మన చెవే మారిపోయి ఉంటుంది. ట్వెంటీ థౌజండ్ హెర్ట్జ్ చప్పుళ్ళ గురించి. హెర్ట్జ్ అంటే చప్పుడు ఎంత సన్నగా, కీచుగా ఉందో కొలిచే లెక్క. మన చెవికి వినపడే పై హద్దు దాదాపు 20,000 హెర్ట్జ్, ఆ పేరు అందుకే. పిల్లలతో కలిసి వినడానికి ఇది బావుంటుంది.

ఇప్పుడు వినే పద్ధతి. పాడ్‌కాస్ట్ యాపుల్లో చాలావాటికి ఒక సెట్టింగ్ ఉంటుంది, మాటకీ మాటకీ మధ్య ఖాళీని కత్తిరించేసేది. టైము ఆదా అని పెట్టారు. నా ఫోన్లో అది ఆన్ అయి ఉందని నాకు తెలీదు, ఇయర్ హసల్ రెండు సీజన్లు అలాగే వినేశాను. ఓరోజు అక్క ఫోన్లో అదే ఎపిసోడ్ వింటుంటే వేరేలా ఉంది. అవే మాటలు, అదే మనిషి. నేను విన్నప్పుడు ఆయన అడిగిన వెంటనే జవాబు చెప్పేశాడు. ఇక్కడ అడిగాక ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. వెనకాల ఎక్కడో ఇనప తలుపు పడింది. అప్పుడు చెప్పాడు. నేను విన్నదాంట్లో ఆ ఆగడం లేదు, ఆ తలుపూ లేదు. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని ప్రశ్న అడిగితే ఏ మనిషైనా ఆగుతాడు కదండీ. ఆ ఆగడమే జవాబులో సగం, దాన్ని నా ఫోను కోసేసింది. ఆ రోజంతా నాకు బాధగానే ఉంది, రెండు సీజన్లూ మళ్ళీ మొదలుపెట్టాను.

కాబట్టి యాప్ తెరిచాక సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ అన్నచోట చూడండి. స్కిప్ సైలెన్స్ అనో ట్రిమ్ సైలెన్స్ అనో, అలాంటిదే ఇంకో పేరో ఉంటుంది, దాన్ని ఆపేయండి. స్పీడు దగ్గర ఒకటిన్నర, రెండు అని ఉంటే ఒకటికి తెచ్చేయండి. వార్తలూ, సమాచారం అయితే స్పీడుగా విన్నా నష్టం లేదు, మనుషులు తమ కథ చెప్పేవాటికి మాత్రం వద్దు. స్పీడు ఒకటి, సైలెన్స్ ఉండనివ్వండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇయర్ హసల్, మొదటి సీజన్, మొదటి ఎపిసోడ్, సెల్లీస్. అరగంట అటూ ఇటూ ఉంటుంది, ఇవాళ రాత్రికే వినొచ్చు. ఉంటానండీ, నమస్కారం.