బాతులు ఏ రోజు వెళ్ళిపోయాయి? – మాఘ ఫాల్గుణాల పక్షులపై ఫోన్-ఇన్

(ఫిబ్రవరి చివరి ఆదివారం ఉదయం ప్రసారమైన కార్యక్రమం. శ్రోతల పేర్లు తీసివేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మామిడి పిందె కడుతోంది, వేప చిగురిస్తోంది, మన డెల్టాలో వరి కోతలు మొదలయ్యాయి. ఈ రోజుల్లో మీకు కనబడిన పక్షుల గురించి మాట్లాడుకోవడానికి ఒక పెద్దాయన మన స్టూడియోకి వచ్చారు. జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ముప్ఫై ఏళ్లుగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల చెరువు గట్లమీద, సముద్రతీరంలో పక్షులను చూస్తూ తిరుగుతున్నారు. నమస్కారం సార్.

సలహాదారు: నమస్కారమమ్మా. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెప్పాలి. చలిదేశాలవాళ్లకు వసంతం వస్తే పక్షులు ఇంటికి వస్తాయి. మన దగ్గర ఈ నెలలో సగం పక్షులు ప్రయాణం కడుతుంటాయి, మిగిలిన సగం గూటి పనిలో పడతాయి. అందుకే ఇప్పుడు చూసింది చూసినట్టు తేదీ వేసి రాసుకోండి. కార్తీకంలో బాతులు దిగిన రోజు ఊళ్లో పదిమందికీ గుర్తుంటుంది. అవి వెళ్ళిపోయిన రోజు మాత్రం ఎవరినడిగినా చెప్పలేరు.

వ్యాఖ్యాత: మొదటి ఫోను నెల్లూరు మూలపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (నెల్లూరు): నమస్కారమండీ. మా ఇంటి వెనక వేపచెట్టుమీద తెల్లవారుజామున నాలుగింటికే కోయిల మొదలుపెడుతోంది. అది సంతోషమే. కానీ వారం రోజులుగా అదే చెట్టుమీద గోధుమ రంగు ఒంటిమీద తెల్లటి చుక్కలతో ఒక పిట్ట వచ్చి కూర్చుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. డేగ జాతేమో, కోయిలను ఎత్తుకుపోతుందేమో అని మావారు రాళ్లు విసురుతున్నారు.

సలహాదారు: అయ్యో, ముందు ఆ రాళ్లు ఆపించండమ్మా. అది కోయిల భార్య!

శ్రోత: ఆడకోయిలా? నల్లగా ఉండదా?

సలహాదారు: ఉండదు. నల్లగా నిగనిగలాడుతూ ‘కుహూ’ అనేది మగది. ఆడది మీరు చెప్పినట్టే చుక్కల చీర కట్టుకున్నట్టు ఉంటుంది. పాడదు, ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా అరుస్తుంది. రెండింటికీ కళ్లు ఎరుపే. ఇంకో సంగతి. కోయిల వసంతంతోపాటు ఎక్కడినుంచో వస్తుందనుకుంటారు చాలామంది. అది ఏడాది పొడుగునా మన చెట్లమీదే ఉంటుంది. చలికాలమంతా నోరు విప్పదు కాబట్టి మనకు తెలియదు. మీ వీధిలో కాకులు పుల్లలు ఏరుకుంటున్నాయా?

శ్రోత: ఏరుకుంటున్నాయి. మా దండెం మీది ఇనుప తీగ ముక్క కూడా పట్టుకుపోయాయి.

సలహాదారు: కోయిలకు కావలసింది ఆ గూడే. తన గుడ్డును కాకి గుడ్ల మధ్య పెడుతుంది. మగకోయిల కాకులను కవ్వించి దూరంగా తీసుకుపోయే వేళ చూసి ఆడది గూట్లోకి దూరుతుంది. డాబామీద నుంచి చూస్తే ఈ నాటకమంతా మీకే కనబడుతుంది. గూడు దగ్గరికి మాత్రం నిచ్చెన వేయించకండి.

వ్యాఖ్యాత: తరువాత కోవూరు నుంచి ఒక రైతు సోదరులు.

శ్రోత (కోవూరు): నమస్కారం సార్. మాది వరి పొలం, మొన్ననే కోత అయింది. మడిలో మిగిలిన తడికి కొంగలు చాలా దిగాయి. వాటిలో ఒకటి కొత్తది. వీపంతా ముదురు మెరూన్ రంగు, మెడ లేత పసుపు. గుడ్డి కొంగ అంత ఎత్తే ఉంది. ఇది ఏ దేశం నుంచి వచ్చింది?

సలహాదారు: ఎగిరినప్పుడు రెక్కలు ఏ రంగులో కనబడ్డాయి?

శ్రోత: తెల్లగా. పూర్తిగా తెలుపు.

సలహాదారు: అయితే అది మీ గుడ్డి కొంగే. రోజూ మీ కాలువ గట్టుమీద మట్టిరంగులో ముడుచుకుని కూర్చునేదే, పెళ్లిబట్టలు కట్టుకుంది. గూడు కట్టే కాలానికి ముందు ఇలా రంగు మారుతుంది. ముక్కు మొదట్లో నీలం తేరుతుంది, తలవెనక పొడవాటి ఈకలు వేలాడతాయి. అన్నిటికీ ఒకేసారి మారదు కనుక ఒకే మడిలో పాతబట్టల కొంగ, సగం మారిన కొంగ, పూర్తిగా మారిన కొంగ పక్కపక్కనే కనబడతాయి. నేను నిరుడు ఇందుకూరుపేట దారిలో ఒకదాన్ని గంటసేపు చూశాను. ఒంటికాలిమీద కదలకుండా నిలబడింది. మెడ మాత్రం వెంట్రుకవాసి చొప్పున ముందుకు సాగింది. సాగుతున్నట్టు నాకు తెలియనే లేదు. ఉన్నట్టుండి ముక్కులో కప్పపిల్ల ఉంది! పశువుల వెంట తిరిగే తెల్లకొంగలను కూడా గమనించండి, వాటి తలా మెడా నారింజ రంగుకు తిరుగుతాయి.

శ్రోత: ఇంకొక సందేహం సార్. నత్తగుల్ల కొంగలు గుంపుగా దిగుతున్నాయి. పైరు తొక్కుతాయని కొందరు టపాకాయలు కాలుస్తున్నారు.

సలహాదారు: కోసిన మడిలో ఇక తొక్కేందుకు పైరే లేదు కదండీ. వాటి ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది, పూర్తిగా మూసుకోదు. గుల్లలోంచి నత్తను లాగి తినడానికి అది అక్కరకు వస్తుంది. లేత నాట్లను కొరికే నత్తలను ఏరిపెట్టే కూలీని మనమే తరుముతున్నాం. మీరు పెద్దరికం చేసి నలుగురికీ చెప్పండి.

వ్యాఖ్యాత: ఒంగోలు నుంచి ఒక విద్యార్థి లైన్లో ఉన్నారు.

శ్రోత (ఒంగోలు): సార్, వచ్చే ఆదివారం మేము నలుగురం పులికాట్ వెళ్తున్నాం, ఫ్లెమింగోల కోసం. ఒక మిత్రుడి దగ్గర డ్రోన్ ఉంది. పైనుంచి తీస్తే గులాబీ రంగు పరిచినట్టు వస్తుందని…

సలహాదారు: డ్రోన్ ఇంట్లో పెట్టి రా బాబూ. అది అభయారణ్యం, అనుమతి లేకుండా ఎగరేయకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఫ్లెమింగో తినే తీరు చూశావా? తల తలకిందులుగా నీళ్లలో ముంచి, వంపు ముక్కుతో బురదనీటిని జల్లెడ పడుతుంది. ఆ నాచు, ఆ చిన్న రొయ్యల్లాంటి జీవులే దాని ఈకలకు రంగునిస్తాయి. రోజంతా వడగట్టితేగాని కడుపు నిండదు. డ్రోన్ మోతకు గుంపు లేచిందంటే, ఒక్కొక్కటీ నీళ్లమీద బారెడు దూరం పరుగెత్తి ఎగరాలి. కచ్ రణ్ లాంటి చోట్ల గూళ్లు పెట్టాల్సిన పక్షి అది. దాని ఒంట్లో బలాన్ని మన వీడియో కోసం ఖర్చు పెట్టించడం న్యాయమా?

శ్రోత: కాదు సార్. మరి ఎక్కడ నిలబడి చూడాలి?

సలహాదారు: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారి సరస్సు మధ్యలోంచే పోతుంది. సూర్యుడు ఎక్కకముందే చేరుకోండి. బండి ఆపి, హారన్ కొట్టకుండా, రోడ్డుమీదే ఉండండి. మీలో ఒకరి దగ్గర బైనాక్యులర్ ఉంటే నలుగురికీ చాలు. తిరిగి వచ్చేటప్పుడు నేలపట్టు పక్షుల అభయారణ్యం కూడా చూడండి, దారిలోనే.

వ్యాఖ్యాత: నేలపట్టు అనగానే దొరవారిసత్రం వైపు నుంచి ఫోను వచ్చింది. చెప్పమ్మా.

శ్రోత (దొరవారిసత్రం): నాకు ప్రశ్న ఏమీ లేదయ్యా. మా అత్తగారి కాలం నుంచీ గూడబాతులు మా వైపు వస్తున్నాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలని మా అత్త అనేది. దీపావళికి వాటి వైపు టపాసులు కాల్చనిచ్చేది కాదు. ఇప్పుడు పిల్లలు తల్లంత అయ్యాయి, ఎగరడం నేర్చుకుంటున్నాయి. అది చెబుదామనే చేశాను.

సలహాదారు: ఇంతకంటే మంచి సమాచారం ఇవాళ రాదు తల్లీ! శ్రోతలు గమనించాలి, గూడబాతులంటే పెలికాన్లు. దేశంలో చాలాచోట్ల నీటిపక్షులు నైరుతి వానలతో గూళ్లు పెడతాయి. మనకు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెరువు నిండి, నీళ్లలో నిలిచే కడప చెట్ల మొదళ్లు మునిగాకే గూడబాతులు గూళ్లు కడతాయి. చుట్టూ నీళ్లుంటే నక్క, కుక్క చెట్టు దగ్గరికి రాలేవు. పిల్లలు ఎదిగేసరికి ఇదిగో, ఫిబ్రవరి, మార్చి. పిల్ల తన తలను తల్లి ముక్కు కింది సంచిలోకి భుజాలదాకా దూర్చి చేపలు తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లే మింగేస్తోందని భయపడ్డాను. అమ్మా, చెట్టు కింద పడిన పిల్ల కనిపిస్తే ఏం చేస్తారు?

శ్రోత: మా అబ్బాయి అటవీశాఖ వాచర్‌కి ఫోను చేస్తాడయ్యా.

సలహాదారు: అదే సరైన పని. ఇంటికి తెచ్చి అన్నం పెట్టకూడదు.

వ్యాఖ్యాత: పొదిలి నుంచి ఇంకొక రైతు.

శ్రోత (పొదిలి): అయ్యా, మా చేలో తల విరిగిన తాటి మోడు ఒకటి ఉంది. ఈ వారం కొట్టించి దూలాలకు వాడదామనుకున్నాను. ఇంతలో రెండు పాలపిట్టలు దాన్ని వదలడం లేదు. ఒకటి నిలువునా పైకి ఎగిరి, అక్కడినుంచి పిచ్చి పట్టినట్టు పల్టీలు కొడుతూ కింద పడుతుంది, గొంతు చించుకుని అరుస్తుంది. జబ్బు చేసిందా?

సలహాదారు: పెళ్లిసందడి అండీ! మగది ఆడదానికి తన రెక్కబలం చూపిస్తోంది. దసరాకు మనం పాలపిట్ట కోసం ఊరి బయటిదాకా వెళ్తాం. ఇప్పుడు అది మీ చేలోకే వచ్చి ఆడుతోంది. 2018లో మన రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించారు గాని, జనం మనసులో పాలపిట్ట స్థానం మారలేదు. ఆ మోడుకు తొర్ర ఉందా?

శ్రోత: పైన బోలుగా ఉంది.

సలహాదారు: పాలపిట్ట తాను తొలుచుకోలేదు. దాని ముక్కు మిడతను పట్టడానికే గాని చెక్క చెక్కడానికి పనికిరాదు. దొరికిన తొర్రలోనే గుడ్లు పెట్టాలి. రామచిలుకా, గోరింకా, గుడ్లగూబా కూడా అలాంటి తొర్రల కోసమే పోటీ పడతాయి. పచ్చని చెట్టు కొడితే అడిగేవాళ్లుంటారు. ఎండిన మోడు కొడితే ఎవరూ అడగరు. ఈ నెలల్లో ఒక మోడు నేలకూలితే ఒక కుటుంబం కూలినట్టే. ఇప్పుడు గుడ్లు పెట్టినా, పిల్లలు ఎగిరేసరికి సుమారు రెండు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆగగలరా?

శ్రోత: ఆగుతానయ్యా. దూలాలకేం, వేరే చూసుకుంటాను. ఉండనీ.

సలహాదారు: చాలా సంతోషం. మీ మిడతల సంగతి అవి చూసుకుంటాయి.

వ్యాఖ్యాత: కొత్తపట్నం తీరం నుంచి ఒక మత్స్యకార సోదరుడు. అన్నా, చెప్పండి.

శ్రోత (కొత్తపట్నం): నమస్తే సార్. మా వల లాగేచోట ఇసుకమీద ఉల్లంకులు గుంపులుగా పరుగెడతాయి. అల వెనక్కి పోగానే దాని వెంట పోతాయి, అల రాగానే వెనక్కి వస్తాయి. ఈ మధ్య బాగా బలిశాయి. కొన్నింటికి రొమ్ము ఎర్రబారుతోంది కూడా. మా ఊరి కుర్రాళ్లు సాయంత్రం మోటారు సైకిళ్లు వాటి మీదికే తోలుతున్నారు.

సలహాదారు: అన్నా, మీరు ఉల్లంకులంటున్న గుంపులో నాలుగైదు జాతులు కలిసి ఉండొచ్చు. ఎర్రబారడం అంటే పెళ్లిరంగు, బలియడం అంటే దారిబత్తెం. ఇవి ఏప్రిల్ కల్లా బయలుదేరి మధ్య ఆసియాకు, సైబీరియాకు, కొన్ని ఉత్తర ధ్రువం అంచుదాకా పోతాయి. దారిలో చాలా దూరం తిండి దొరకదు కనుక ఒంట్లోనే కొవ్వుగా మోసుకుపోతాయి. కొన్ని జాతులు బయలుదేరే ముందు దాదాపు రెట్టింపు బరువు తూగుతాయి. ఆ కుర్రాళ్లు ఒక్కసారి లేపితే అరగంట మేత, దానితోపాటు కొంత కొవ్వూ పోతాయి. ముఖ్యంగా పోటు సమయంలో నీళ్లు పైకి వచ్చినప్పుడు వాటికి నిలబడేందుకు సన్నటి ఇసుకపట్టీయే మిగులుతుంది. ఆ గంట వాటిని వదిలేస్తే చాలు. పోటు వేళలు మీకంటే ఎవరికి బాగా తెలుసు? మీరే కుర్రాళ్లకు చెప్పండి.

శ్రోత: చెబుతాను సార్. మా మాట వింటారు.

సలహాదారు: ఇంకొకటి. మీరు వాటిని పిలిచే పేర్లు రాసిపెట్టండి. 1840లలో టి.సి. జెర్డన్ అనే వైద్యుడు మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నాడు. ఈ ప్రాంతపు యానాదులను అడిగి పక్షుల సంగతులూ పేర్లూ తెలుసుకున్నాడు. తెలుగు పేర్లను తన గ్రంథంలో చేర్చాడు. మన అడవుల్లోని కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఆ పేర్లు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. అది నాకు ఎప్పుడూ బాధే.

వ్యాఖ్యాత: సార్, సమయం దగ్గర పడింది. ఆఖరి ఫోను బుచ్చిరెడ్డిపాళెం దగ్గర నుంచి, ఎనిమిదో తరగతి అమ్మాయి.

శ్రోత (బుచ్చిరెడ్డిపాళెం): నమస్తే తాతగారూ. మా టీచర్ పక్షుల లెక్కింపు నేర్పించారు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు అందరూ లెక్కపెడతారు కదా, అప్పటి నుంచి నేను కనిగిరి రిజర్వాయర్ దగ్గర రోజూ సూదితోక బాతులు లెక్కపెడుతున్నాను. పది పది గుంపులుగా.

సలహాదారు: శభాష్! 1998లో ఉత్తర అమెరికాలో మొదలైన లెక్క అది. 2013 నుంచి ప్రపంచమంతటా జరుగుతోంది, మన దేశమూ ఆ ఏడాదే కలిసింది. ఆ నాలుగు రోజులు కాగానే అందరూ ఆపేస్తారు, నువ్వు ఆపలేదు. ఎన్ని ఉన్నాయి?

శ్రోత: మొదటి రోజు నూటతొంభై. మొన్న నూటపది. నిన్న సాయంత్రం అరవై. నేను ఏమైనా తప్పు లెక్కపెట్టానా?

సలహాదారు: తప్పు లేదమ్మా. అవి వెళ్తున్నాయి. చాలా బాతులు చీకటి పడ్డాకే బయలుదేరతాయి, అందుకే ఎవరికీ కనబడవు. ఒక్క మాట విను. బాతులు లేని రోజు కూడా గట్టుమీదికి వెళ్లి ‘సున్నా’ అని రాయాలి.

శ్రోత: సున్నా కూడా రాయాలా?

సలహాదారు: అదే ముఖ్యం. వరుసగా వారం రోజులు సున్నా వచ్చాక వెనక్కి తిప్పి చూడు. చివరిసారి బాతు కనబడిన తేదీ దొరుకుతుంది. మొదటి బాతు దిగిన రోజు ఊరంతా చెబుతుంది, చివరిది ఎప్పుడు కనబడిందో నీ పుస్తకమే చెప్పాలి. పెన్సిల్‌తో రాయి, మంచుకు చెరిగిపోదు. గాలి ఎటునుంచి వీస్తోందో కూడా పక్కన వేసుకో.

వ్యాఖ్యాత: సార్, ఇక ముగించాలి. పాపా, ఇవాళ్టి లెక్క ఎంత?

శ్రోత: ఇంకా వెళ్ళలేదక్కా, ఫోను కలవాలని కూర్చున్నాను. ఇప్పుడే వెళ్తున్నాను.