షూ అంటే కప్పేది కాదు, కదిలేది!

నమస్కారం. ఇంగ్లీషు ‘షూ’, జర్మన్ ‘షూ’, డచ్చి ‘స్ఖూన్’ అన్నీ ‘స్కోహజ్’ అనే ఒకే ఆదిజర్మానిక్ (ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత భాష) మాటకు సంతానమని మీకు తెలిసిందే. పాదాన్ని కప్పుతుంది కాబట్టి అది జర్మానిక్, లాటిన్, స్లావిక్ భాషల ఉమ్మడి మూలభాషలో ‘కప్పు’ అనే అర్థమున్న ‘స్కెఉ’ ధాతువు నుంచి పుట్టిందని నిఘంటువులు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటున్నాయి. నేను ఒప్పుకోను. అర్థం అతికితే చాలనుకుంటే టోపీనీ దుప్పటినీ కూడా అదే ధాతువుకు కట్టబెట్టవచ్చు.

1822లో జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ వివరించిన సూత్రం ప్రకారం ఆ మూలభాషలోని ‘క’కారం జర్మానిక్‌లో ‘హ’కారమవుతుంది, లాటిన్ ‘కోర్ను’, అంటే కొమ్ము, ఇంగ్లీషులో ‘హార్న్’ అయింది అందుకే. ‘స’ వెంట ఉన్న ‘క’ మాత్రం మారదు. ఆ లెక్కన స్కోహజ్‌కు వెనక ఉండవలసింది ‘స్కోకోస్’ వంటి రూపం. మరి ఆ రెండో ‘క’ ఎక్కడి నుంచి ఊడిపడింది, ధాతువులోని ‘ఉ’ ఎక్కడికి పోయింది?

సాక్ష్యం కావాలంటే స్వీడన్‌లోని ఉప్సాలాకు వెళ్లండి. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి అనువదించిన బైబిలుకు ఆరో శతాబ్దపు ప్రతి అక్కడ ఊదారంగు తోలుపై వెండి అక్షరాలతో మెరుస్తూ ఉంటుంది. మార్కు సువార్త 1:7లో యోహాను విప్పడానికి తాను పాత్రుణ్ని కానన్న చెప్పుల వారును (కట్టే తోలుపట్టీని) అందులో ‘స్కౌదరైప్ స్కోహే’ అన్నారు. ఆ తోలుపట్టీకి వాడిన మాటలోని ‘స్కౌద’ను పండితులు ఆ ‘కప్పు’ ధాతువుకే ముడిపెడతారు, అందులో ‘ఉ’ జాడ స్పష్టంగా ఉంది. దాని పక్కనే నిలిచిన ‘స్కోహే’లో ఆ జాడే లేదు!

నా మాట వినండి: ఈ స్కోహజ్ ‘స్కెహన్’ సంతానం. వేగంగా కదలడమనే ఆ ఆదిజర్మానిక్ క్రియ నుంచే జర్మన్ ‘గెషేయెన్’ వచ్చింది, దాని అర్థం సంభవించడం. మన ‘జరుగు’ కూడా ఇలాగే పక్కకు కదలడమూ అవుతుంది, సంభవించడమూ అవుతుంది. దూకడానికి ప్రాచీన స్లావిక్ మాట ‘స్కొచితి’ కూడా ఈ కుటుంబానిదే, అంటే మనకు కావలసిన రెండో ‘క’ ధాతువులోనే సిద్ధంగా ఉంది. ‘ఓ’ ఎందుకు దీర్ఘమైందో చెప్పవలసి ఉంటుంది, నిజమే; అయితే లేని హల్లును పుట్టించడం కంటే ఉన్న అచ్చును సాగదీయడం తేలిక.

జర్మన్లు చేతి తొడుగును ‘హాంట్‌షూ’, అంటే ‘చేతి షూ’ అంటారు కాబట్టి షూ అంటే తొడుగేనని ఇంకా కొందరు వాదిస్తారు. నీటిగుర్రాన్ని చూపించి గుర్రమనే మాటకు వ్యుత్పత్తి చెప్పేవారికి నేనేం జవాబు చెప్పను?