రెండు నిమిషాలు, ముప్పావు గంట

సభకు నమస్కారం. పెద్దలకు, పొద్దున్నుంచి పొయ్యిల దగ్గర నిలబడిన తల్లులకు, విస్తళ్లు పట్టుకుని ఎప్పుడెప్పుడా అని చూస్తున్న పిల్లలకు అందరికీ నమస్కారం. ప్రెసిడెంటు గారు నన్ను కార్తీక మాసం విశిష్టత మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఇక్కడికి వచ్చి ఈ ఉసిరి చెట్టు మొదలు చూశాక ఆ కాగితం జేబులోనే ఉంచేశాను. ఒక్కసారి మీరూ చూడండి. కాండానికి ఆనించి నాలుగు వైపులా సిమెంటు పోశారు. దీపం పెట్టి, ప్రదక్షిణ చేసి, ఉసిరికాయ దానం ఇచ్చే చెట్టుకు గుక్కెడు వాన నీళ్లు పోయే దారి లేదు.

2021 కార్తీక పౌర్ణమి గుర్తుందా? నవంబరు 18, 19. మా ఇంట్లో 365 వత్తులు వెలిగించాల్సిన చోట మోకాలి లోతు నీళ్లు. మా ఆవిడ దేవుడి పటాలు తీసి బీరువా మీద పెట్టింది. తిరుమల కొండకు ఘాట్ రోడ్లు మూసేశారు. రెండు మూడు రోజులకు రాయలచెరువు కట్ట లీకవుతోందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ రాత్రి టెన్షన్ మీలో చాలామంది పడ్డారు, నేను చెప్పక్కర్లేదు.

మా వీధి చివర ఒకప్పుడు వంక ఉండేది. శేషాచలం కొండల నుంచి దిగిన నీళ్లు దాని వెంట పోయేవి. దాన్ని పూడ్చి ప్లాట్లు వేశారు. పూడ్చొద్దని మేం అర్జీలు ఇచ్చాం, నాలుగుసార్లు తిరిగాం. ‘అది వంక కాదు, బీడు’ అన్నారు. ఆ నవంబరులో నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ మా వాకిట్లోకి వచ్చాయి. దీని గురించి మాట్లాడటం మొదలుపెడితే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

సరే, మట్టి సంగతికి వస్తాను. మా నాయన పల్లెలో నీరుగంటి. చెరువు తూము తియ్యడం, మూయడం, మడి మడికీ నీళ్లు పంచడం ఆయన పని. పై చెరువు నిండి మరవ, అంటే ఎక్కువైన నీళ్లు పొర్లే దారి, పారితే కింది చెరువుకు నీళ్లు, అది నిండితే దాని కిందిదానికి. వాన వెలిసిన మరుక్షణం పార భుజాన వేసుకుని చేలోకి పోయేవాడు. ఒక పెళ్ల తవ్వి చేత్తో కొలిచి ‘జానెడు పదును దిగింది, మడక కట్టొచ్చు’ అనేవాడు. ఎన్ని సెంటీమీటర్ల వాన పడిందని ఆయన ఎన్నడూ అడగలేదు. ఎంత దిగిందనే చూసేవాడు. మనం మాత్రం టీవీలో ఎంత పడిందో విని ఊరుకుంటున్నాం.

నేల తాగడం అంటే ఏమిటి? మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. వేళ్లు కుళ్లిన చోట, వానపాము పోయిన చోట సన్నని గొట్టాల్లాంటి దారులుంటాయి. వాటిలోంచి నీళ్లు దిగుతాయి. ఇసుక నేల గంటకు 20, 30 మిల్లీమీటర్లకు పైగా లోపలికి తీసుకుంటుంది. బంకమట్టి 5 కూడా తీసుకోలేదు. కానీ ఒకే మట్టిలో కూడా తేడా ఉంటుంది. నిరుడు మన కాలనీ పిల్లలతో ఒక పని చేయించాను. పాలపొడి డబ్బాకు రెండు వైపులా మూతలు కోసేసి నేలలోకి కొద్దిగా దిగగొట్టాం. గ్లాసు నీళ్లు పోశాం. ఆ డబ్బాలో అది అంగుళం ఎత్తు, అంటే 25 మిల్లీమీటర్ల వానతో సమానం. వేపచెట్టు కింద, ఆకులు రాలి మెత్తబడిన చోట, రెండు నిమిషాల్లో మాయం. పదడుగుల దూరంలో, బండ్లు నిలిపే చోట, ముప్పావు గంటకూ సగం అలాగే ఉంది. అదే ఎర్రమట్టి! తొక్కి తొక్కి సందులు మూశాం. బోడినేల మీద వాన చినుకు కొట్టినా అంతే, సన్నమట్టి లేచి సందుల్లో ఇరుక్కుని పైన చెక్కు కడుతుంది. ఆకు కప్పుకున్న నేలకు ఆ దెబ్బ తగలదు. ఆ ఆకులనే మనం రోజూ ఊడ్చి తగలబెడుతున్నాం.

2021లో వచ్చినంత వానను ఏ మట్టీ తాగలేదు. వారం ముందు నుంచే ముసురు పట్టి నేల నిండిపోయింది. దానికి వంకలు తెరిచి ఉండాల్సిందే, దాని కోసం కొట్లాడాల్సిందే. కానీ మామూలు వానల మాట వేరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్ల పైమాటే. దాన్ని పైపు పెట్టి వీధిలోకి వదులుతాం. ఏప్రిల్లో అయిదు వేల లీటర్ల ట్యాంకరు కోసం అర్ధరాత్రి దాకా మేలుకుంటాం. అమ్మా, ఆ లెక్క మీరే వేసుకోండి. బిందెలు మోసేది మీరే కదా.

పార్కు మొత్తం టైల్సు పరచాలని వచ్చే ఆదివారం తీర్మానం పెడుతున్నారని విన్నాను. బురద అంటుతుందని భయం, నాకు తెలుసు. నడవడానికి ఒక బాట వేయండి, నేను అడ్డుపడను. మిగతా నేలను వదిలేయండి. చేతులెత్తి అడుగుతున్నాను. ఒక్కో చెట్టు చుట్టూ మూడడుగుల మట్టి వదలండి. మిద్దె గొట్టాలను ఇంకుడు గుంతల్లోకి తిప్పండి. గుంత తవ్వి మరిచిపోకండి, ఏటా వానలకు ముందు పైన పేరుకున్న ఒండ్రు తియ్యకపోతే అది కూడా చెక్కు కట్టి ఊరుకుంటుంది.

పప్పు చల్లారిపోతోందని సైగలు చేస్తున్నారు. ఒక్క నిమిషం. ఆ డబ్బా ఈరోజు కూడా తెచ్చాను. గడ్డపార నా స్కూటర్ మీద ఉంది. ప్రెసిడెంటు గారూ, మీరు అనుమతిస్తే భోజనాల ముందు ఈ ఉసిరి మొదట్లో ఒక మూల సిమెంటు పగలగొడదాం. బాబూ, ఆ గ్లాసుతో నీళ్లు తీసుకురా. గడియారం మీరంతా చూడండి.